ఖాకీ, కాంబాట్ చొక్కా చేతులు మడవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎన్‌సీసీలో చేరిన పిల్లలూ, వాళ్ల ఖాకీ యూనిఫాం, మచ్చల కాంబాట్ యూనిఫాం ఉతికి ఆరేసే ఇంట్లోవాళ్లూ, కుట్టే టైలర్లూ పదే పదే అడిగే ప్రశ్నలివి. ఇక్కడ ఇచ్చిన కొలతలు వాడుకలో నిలబడ్డవే. మీ యూనిట్ ఆర్డర్‌లో వేరే కొలత ఉంటే మాత్రం ఆర్డర్ ప్రకారమే వెళ్లండి. వరసలో నిలబడ్డ అందరి మడతా ఒకే ఎత్తులో, ఒకే వెడల్పులో ఉండటం కోసమే ఈ తంటా అంతా. ఒక్కడి మడత ఎంత బాగా కుదిరినా, పక్కవాడి మడతకి రెండు అంగుళాలు పైన ఉంటే అది తప్పు మడతే.

చేతులు మడవడం దేనికి? పొట్టి చేతుల చొక్కా కుట్టించుకుంటే సరిపోదా?

పొడుగు చేతుల చొక్కా ఒక్కటే రెండు చొక్కాల పని చేస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన వైపు ఉక్కపోతలో డ్రిల్లు చెయ్యాలంటే మోచేతుల కింద గాలి తగలాలి. అదే రోజు సాయంత్రం దోమలు లేచేసరికి చెయ్యి మణికట్టు దాకా కప్పి ఉండాలి. ఫైరింగ్ రేంజిలో నేల మీద పడుకుని గురి చూసేటప్పుడు మోచేతులు చాప మీద, ఇసక మీద రాసుకుంటాయి. అప్పుడూ చెయ్యి దించాల్సిందే. పొట్టి చేతుల చొక్కాకి ఆ వెసులుబాటు లేదు. పొట్టి చేతులే ఇచ్చిన యూనిఫాం అయితే ఈ గొడవంతా మీకు అక్కర్లేదు.

మడత ఎంత వెడల్పు ఉండాలి? మోచేతికి ఎంత పైన?

వెడల్పు బెత్తెడు. అంటే నాలుగు వేళ్లు కలిపి పెట్టినంత, సుమారు 3 అంగుళాలు. మడత కింది అంచు మోచేతి ఎముక కొనకి 2 అంగుళాల పైన ఆగాలి. అక్కడి నుంచి బెత్తెడు పైకి లెక్కేస్తే పై అంచు మోచేతికి 5 అంగుళాల మీద వస్తుంది. ఈ 2, 3, 5 గుర్తుంటే చాలు, కింద చెప్పే పద్ధతులన్నీ వీటి మీదే నడుస్తాయి.

కొలత ఎక్కడి నుంచి తియ్యాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. చొక్కా చెయ్యి చివర నుంచి కొలవకూడదు, ఎందుకంటే ఒకే సైజు చొక్కాల్లో కూడా చేతి పొడవు అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. మీ చెయ్యి మోచేతి దగ్గర లంబంగా వంచి, పొడుచుకొచ్చే ఎముక కొన నుంచి కొలవండి. చెయ్యి చాపి కొలిస్తే ఆ కొన దొరకదు. పైగా చెయ్యి వంచగానే గుడ్డ పైకి లాగుతుంది. చాపినప్పుడు సరిగ్గా ఉన్నట్టనిపించిన మడత సెల్యూట్ చేసేసరికి చంక కిందికి ఎగబాకుతుంది.

వేళ్లతో కొలవడం ఒక్కరికైతే బాగానే ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడి బెత్తెడూ, డిగ్రీ మూడో సంవత్సరం కుర్రాడి బెత్తెడూ ఒకటి కావు. ప్లటూన్ అంతటికీ కలిపి మడుస్తున్నప్పుడు ఒకటే స్కేలు తిప్పండి. 3 అంగుళాలకు కోసిన అట్టముక్క ఇంకా మేలు, దాన్ని మడత లోపల పెట్టి ఇస్త్రీ కూడా చెయ్యొచ్చు.

ఖాకీ చొక్కాకి మామూలు మడత ఎలా వెయ్యాలి?

ఒంటి మీద చొక్కాతో మడవకండి. ఒక చేత్తో మడిస్తే రెండు చేతులూ ఎప్పుడూ సమానంగా రావు. ఇస్త్రీ చేసిన చొక్కాని బల్ల మీద వెల్లకిలా పరవండి. కఫ్ (మణికట్టు పట్టీ) గుండీ, దాని పైన చీలికకి ఉండే చిన్న గుండీ రెండూ తియ్యండి. చొక్కా చెయ్యి కింద పొడవునా వెళ్లే కుట్టుని సరిగ్గా ఒక అంచున ఉండేలా సర్ది, గుడ్డ సాపు చెయ్యండి.

కఫ్‌ని బయటికి తిప్పి 3 అంగుళాల మడత వెయ్యండి. కఫ్ వెడల్పు సాధారణంగా రెండున్నర ఉంటుంది కాబట్టి మొదటి మడతలో కఫ్ మొత్తం, దాని పైన అర అంగుళం గుడ్డ వస్తాయి. అరచేత్తో నొక్కి అదే వెడల్పుతో రెండోది, మూడోది, నాలుగోది. ప్రతి మడతా కింది అంచుని 3 అంగుళాలు పైకి తీసుకెళ్తుంది. మణికట్టు నుంచి మోచేతికి 10 అంగుళాలున్న మనిషికి నాలుగు మడతల్లో అంచు 12 అంగుళాలు ఎక్కి, మోచేతికి 2 అంగుళాల మీద ఆగుతుంది. చెయ్యి పొట్టిదైతే మడతల సంఖ్య తగ్గించకండి, ఒక్కో మడత వెడల్పు పావు అంగుళం తగ్గించండి.

ప్రతి మడతలోనూ కింది కుట్టు కుట్టు మీదే పడాలి. మొదటి మడతలో కుట్టు పావు అంగుళం పక్కకి జరిగితే నాలుగో మడతకి అది అంగుళం మెలిక అవుతుంది. అంచు ముందు వైపు ఎత్తుగా, వెనక వైపు వాలుగా కనిపించేది ఆ మెలిక వల్లే. అలాంటిది కనబడితే చివరి మడత లాగి సర్దే ప్రయత్నం చెయ్యొద్దు, మొత్తం విప్పి మొదటి నుంచి వెయ్యండి.

కాంబాట్ చొక్కాకి మచ్చలు బయటికి కనబడేలా మడత ఎలా వస్తుంది?

ఖాకీకి లోపలా బయటా దాదాపు ఒకే రంగు. కాంబాట్ గుడ్డకి లోపలి వైపు వెలిసినట్టుంటుంది, మామూలు మడత వేస్తే ఆ పాలిపోయిన వైపే పైకి వస్తుంది. అందుకని కఫ్‌ని మూతలాగా వాడతారు.

గుండీలు తీసి, కఫ్ పట్టుకుని చొక్కా చెయ్యి మొత్తం లోపలిది బయటికి వచ్చేలా భుజం వైపుకి తిప్పండి. కఫ్‌కీ చేతికీ మధ్య ఉండే కుట్టు మోచేతికి 5 అంగుళాల పైన వచ్చేదాకా లాగి ఆపండి. ఇప్పుడు గుడ్డ రెండు పొరలుగా ఉంటుంది. దాని మడత అంచు మోచేతికి దాదాపు అంగుళం కిందకి వేలాడుతుంది. ఆ అంచుని బెత్తెడు వెడల్పున పైకి మడవండి. సామాన్యంగా ఒక మడత చాలు, చెయ్యి పొడవైన చొక్కాకి చిన్నది ఇంకొకటి పడుతుంది. ఆ పట్టీ పై అంచు కఫ్ కుట్టుకి తాకీ తాకనట్టు రావాలి. చివరగా పైన నిలబడి ఉన్న కఫ్‌ని కిందికి దించి పట్టీ మీద కప్పండి. కఫ్ బయటి వైపు, అంటే మచ్చల వైపు, పైకి వస్తుంది.

కఫ్ రెండున్నర అంగుళాలే అయితే కింద అర అంగుళం పాలిపోయిన గుడ్డ తొంగి చూస్తుంది. కఫ్ కుట్టుతోపాటు దాని పైనున్న గుడ్డ కూడా అర అంగుళం కలిపి కిందికి దించితే అది మూసుకుంటుంది. కఫ్ చీలిక వెనక్కి ఉండాలి. రెండు అంచులూ ఎడంగా ఉంటే వాటిని పట్టీ లోపలికి దోపండి.

ఈ రెండిట్లో ఏది సరైనది?

మీ యూనిట్‌లో వేసేదే సరైనది. సైన్యాలే ఈ విషయంలో ఒక మాట మీద లేవు. అమెరికా మెరైన్లు లోపలి లేత రంగు బయటికి వచ్చేలా బిగుతుగా మడుస్తారు, అది వాళ్లకి గుర్తులాంటిది. 2011 అక్టోబరులో ఏడాది పొడుగునా చేతులు దించే ఉంచాలని వాళ్ల కమాండెంట్ ఉత్తర్వు ఇస్తే దళంలో చాలామందికి అది మింగుడు పడలేదు. 2014 మార్చి నుంచి వేసవి మడతని తిరిగి తెచ్చారు. అదే దేశపు ఆర్మీ మాత్రం మచ్చలు బయటికే ఉండాలంటుంది. వాళ్ల అప్పటి కాంబాట్ దుస్తులకి 2016 దాకా మడతే లేదు. ఆ ఏడాది అనుమతి ఇస్తూ మోచేతికి 3 అంగుళాలు మించి పైకి పోకూడదని హద్దు పెట్టారు.

అంచేత ఇంటర్నెట్‌లో విదేశీ వీడియో చూసి అదే వేసుకుని పరేడ్‌కి రాకండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు, ఇంటింటా సైన్యంలో చేసినవాళ్లున్న ఊరు. అలాంటి పెద్దల దగ్గర కూర్చుంటే చేతి పనితనం అబ్బుతుంది, గుడ్డ ఎలా నొక్కాలో, కుట్టు ఎలా కలపాలో తెలుస్తుంది. కొలత మాత్రం మీ యూనిట్‌లోనే అడగండి, ఎందుకంటే రెజిమెంటుకో అలవాటు ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ హిందీలో ఆస్తీన్ అంటే ఈ చొక్కా చెయ్యే.

మడత గంటలోపే జారిపోతోంది. ఏం చెయ్యాలి?

జారడానికి కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు.

చొక్కా చెయ్యి కండ దగ్గర మరీ వదులుగా ఉంటే మడత బరువుకి అదే దిగిపోతుంది. మడతకీ చేతికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. చొక్కాని కింది కుట్టు దగ్గర టైలర్ చేత బిగింపు వేయించుకోండి. కఫ్ మరీ ఇరుకైనప్పుడు కూడా జారుతుంది, ఇది చాలామందికి తట్టదు. మామూలు మడతలో కఫ్ అన్నిటికన్నా లోపల, కండ చుట్టూ ఉంటుంది. మణికట్టుకి సరిపోయే గుడ్డని కండ మీద బిగిస్తే అది సన్నగా ఉన్న చోటు వెతుక్కుంటూ మోచేతి వైపు జారుతుంది. చీలిక పూర్తిగా తెరిచి ఉంచండి. మూడో కారణం చెమట. గంజి లేని గుడ్డ చెమటకి తడిసి మెత్తబడి కుంగిపోతుంది.

గుండుసూది, పిన్నీసు వాడొద్దు. పరేడ్‌లో చెయ్యి ఊపేటప్పుడు ఊడి గుచ్చుకుంటుంది, తుప్పు మరక ఖాకీకి పట్టిందంటే వదలదు. దానికి బదులు కింది కుట్టు దగ్గర, మడత లోపలి వైపు, అదే రంగు దారంతో రెండు టాకాలు వేసుకోండి. లోపలి రెండు పొరలకే దారం పట్టాలి, బయటి పొరకి రాకూడదు. విప్పాలంటే ఒక్క లాగుతో తెగిపోతుంది.

బిగుతుగా ఉంటేనే కండలు బాగా కనిపిస్తాయి కదా?

పది నిమిషాలు బాగానే కనిపిస్తాయి. ఆగస్టు 15న గంటన్నర నిలబడేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మడత తీసేసరికి చర్మం మీద ఎర్రటి గీత పడి ఉంటే అది బిగుతే. రెండు వేళ్ల లెక్క చెయ్యి చాపి కాకుండా కండ బిగించి చూడండి. కఫ్ గుండీ చర్మానికి ఒత్తుకుంటుంటే దాన్ని బయటి పొర వైపుకి తిప్పి పెట్టండి.

గంజి ఎంత పెట్టాలి?

నూలు ఖాకీకి గంజి లేకుండా మడత నిలవదు, మన ఇళ్లలో దానికి కొదవా లేదు. అన్నం వార్చిన చిక్కటి గంజి ఒక గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లు కలిపితే చేతులకి సరిపోయే గట్టితనం వస్తుంది. చొక్కా మిగతా భాగానికి ఒకటికి ఆరు చాలు. ముందు చొక్కా మొత్తం పల్చటి గంజిలో ముంచి పిండి, తర్వాత చేతులు రెండూ కలిపి చిక్కటిదాంట్లో ముంచండి. ఒక చెయ్యి ముంచి, ఇంకోటి కాసేపయ్యాక ముంచితే గంజి అడుక్కి దిగి రెండోది బిరుసెక్కుతుంది.

కుక్కర్లో వండే ఇంట్లో గంజి రాదు. ఒక పెద్ద చెంచా సగ్గుబియ్యం గంట నానబెట్టి, లీటరు నీళ్లలో గింజ కరిగి పారదర్శకంగా అయ్యేదాకా కాయండి. బియ్యపు గంజికన్నా ఇది నున్నగా ఉంటుంది, ముదురు రంగు మీద తెల్లగా కనబడదు. ఏ గంజైనా పల్చటి గుడ్డలో వడపోయాలి. వడపోయని గంజిలోని మెతుకు పలుకు ఇస్త్రీ పెట్టె కింద పడి మాడితే గోధుమరంగు చుక్క మిగులుతుంది, అది ఉతికినా పోదు.

ఆరేసేటప్పుడు చేతులు తలకిందులుగా వేలాడేలా చొక్కాని అంచు పట్టి వెయ్యకండి. గంజి అంతా కఫ్‌లోకి దిగి, కఫ్ అట్టలా, పై భాగం మెత్తగా అవుతుంది. హ్యాంగర్‌కి వేసి, చేతులు రెండూ అడ్డంగా దండెం మీద పరవండి.

జూన్ నుంచి నవంబరు దాకా సగం గంజి చాలు. ముసురు పట్టిన రోజుల్లో గంజి గాలిలో తేమ పీల్చి జిగటగా అవుతుంది, మడత పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు రోజులు బీరువాలో ఉంటే పుల్లటి వాసన, వారానికి బూజు. బొద్దింకలు గంజి గుడ్డని కొరుకుతాయి కూడా. అందుకే గంజి పెట్టిన చొక్కాని వర్షాకాలంలో నిల్వ ఉంచకండి, పరేడ్‌కి ముందురోజు పెట్టుకోండి.

కాంబాట్‌కి గంజి వద్దు. ఆ గుడ్డ దళసరిగా ఉంటుంది, గంజి లేకుండానే మడత నిలబడుతుంది. అమెరికా ఆర్మీ తన కాంబాట్ దుస్తులకి గంజి పెట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

టెర్రీకాట్ ఖాకీకి గంజి పట్టడం లేదు, ఇస్త్రీకి మెరుపు వస్తోంది.

టెర్రీకాట్‌లో పాలియెస్టర్ ఉంటుంది, అది గంజి పీల్చదు. పైన పొడిలా నిలిచి నలిపితే రాలిపోతుంది. ఈ గుడ్డకి మడత నిలబెట్టేది ఆవిరీ, ఒత్తిడీ. మడత మీద తడి గుడ్డ పరిచి, మధ్యస్థ వేడి మీద పెట్టెని జరపకుండా పది లెక్కపెట్టేదాకా నొక్కి, ఎత్తి, చల్లారేదాకా మడత కదపకండి. వేడిగా ఉన్నప్పుడు తొడుక్కుంటే మీ చేతి వంపుకే గుడ్డ కుదురుకుంటుంది, గీత పోతుంది.

మెరుపు వచ్చేది పాలియెస్టర్ పోగు వేడికి చదునైపోవడం వల్ల. వచ్చాక దాన్ని పూర్తిగా పోగొట్టలేం. ఇస్త్రీ బండికి ఇచ్చేటప్పుడు తడి గుడ్డ వెయ్యమని చెప్పండి. బొగ్గుల పెట్టె నూలుకి దివ్యంగా పనిచేస్తుంది కానీ వేడి మన అదుపులో ఉండదు. ముందు పాత గుడ్డ మీద రుద్ది చూసి, నిప్పురవ్వలు రాలకుండా బూడిద దులిపి వాడాలి.

బోరు నీళ్లలో ఉతికితే తెల్ల చారలు పడుతున్నాయి.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో, అంతర్వేది, సఖినేటిపల్లి, నరసాపురం వైపు, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. నీరు ఆరాక ఉప్పు మిగిలి మడత అంచుల్లో తెల్లగా గీత కడుతుంది. ఉతకడం బోరు నీళ్లలో కానిచ్చినా, చివరిసారి జాడించడం మాత్రం కుళాయి నీళ్లతోనో వాననీళ్లతోనో చెయ్యండి. గంజి కలిపే నీళ్లూ మంచివే ఉండాలి.

మడతని శాశ్వతంగా కుట్టించేసుకోవచ్చా?

కొందరు టైలర్లు ఆ పని చేస్తున్నారు. చూపుకి బాగుంటుంది, రోజూ శ్రమ తప్పుతుంది. మేం మాత్రం వద్దంటాం. పది రోజుల క్యాంపులో మొదటి సాయంత్రమే చేతులు దించమన్నప్పుడు ఏం చేస్తారు? కుట్టేసిన మడత పొరల్లో సబ్బు నిలుస్తుంది, చెమట నిలుస్తుంది, ఎండ తగలదు. మూడు నెలలకి అక్కడ గుడ్డ వెలిసి, కుట్టు విప్పితే రెండు రంగుల చెయ్యి మిగులుతుంది.

టైలర్‌కి ఏమని చెప్పి కుట్టించుకోవాలి?

మూడు కొలతలు విడిగా రాయించండి. ఒకటి, కండ చుట్టుకొలత. మోచేతికి 4 అంగుళాల పైన టేపు చుట్టి, దానికి 3 అంగుళాలు కలిపితే అక్కడ చొక్కా చేతి చుట్టు. మడత పొరలన్నీ కూర్చున్నాక రెండు వేళ్ల సందు మిగిలేది ఈ లెక్కకే. రెండు, కఫ్ పొడవు. మణికట్టుకి సరిపడా 9 అంగుళాలు వెయ్యడం టైలర్ల అలవాటు. 11 వేసి రెండు గుండీలు పెట్టమనండి, దించినప్పుడు లోపలి గుండీ, మడిచినప్పుడు గుండీ లేకుండా. మూడు, కఫ్ పైన చీలిక కనీసం 5 అంగుళాలు. చీలిక 3 అంగుళాలే ఉంటే రెండో మడతకే అది అయిపోయి, మూడో మడతలో ఇరుకు మొదలవుతుంది.

అమ్మాయిల చొక్కాలు ఒంటికి పట్టేలా కుడుతూ చేతులు కూడా సన్నం చేసేస్తారు. మడత ఎక్కక నానా తిప్పలూ పడేది అందుకే. చేతి కొలతలో మటుకు ఫ్యాషన్ వద్దని ముందే చెప్పండి. పెరిగే పిల్లలకి కింది కుట్టు లోపల అర అంగుళం గుడ్డ వదిలించండి.

ఫీతీ (చొక్కా చేతి మీద కుట్టే ర్యాంకు పట్టీ) మడత కిందికి పోతోంది.

ఫీతీ పూర్తిగా కనబడాలి, మడత పై అంచుకీ దాని కింది కొనకీ మధ్య కనీసం ఒక వేలు ఎడం ఉండాలి. పొట్టి చేతుల పిల్లలకి చోటు చాలకపోతే ఫీతీని పైకి కుట్టడం కన్నా మడతని రెండున్నర అంగుళాలకి తగ్గించడం మేలు, ఎందుకంటే ఫీతీ ఎత్తు కూడా వరసలో కలవాలి. ఆ తగ్గింపు ప్లటూన్ అంతటికీ వర్తించాలి.

చేతులు ఎప్పుడు దించాలి?

ఆర్డర్ లేకుండా ఎవరికి వాళ్లు దించుకోవడం, ఎత్తుకోవడం ఉండదు. అయినా ఆర్డర్ ఇచ్చేవాళ్లు కూడా గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది దోమలు. కాలవలూ, చెరువులూ, వరిచేలూ నిండిన నేల మనది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది, గోదావరి జిల్లాలకి ఆ జబ్బు పాత శత్రువు. పొద్దు వాలకముందే చేతులు దించి కఫ్ గుండీ పెట్టేయాలి. డెంగీ దోమ పగలే కుడుతుంది, పొద్దున్నా పొద్దుగూకే ముందూ ఎక్కువ. చేతులు పైకి ఉన్న వేళ ముంజేతులకి దోమల మందు రాసుకోవడం తప్పనిసరి అనుకోండి.

రెండోది నిప్పు. క్యాంపు వంటశాలలో పొయ్యి దగ్గర డ్యూటీ పడితే నూలు చొక్కా చేతులు దించి ఉంచడం మంచిది, నూనె చిందినా గుడ్డ మీదే పడుతుంది. టెర్రీకాట్ అయితే పొయ్యి దగ్గరికే వద్దు. పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నావికుల సింథటిక్ దుస్తులు మంటలకి అలాగే కరిగి గాయాలని పెద్దవి చేశాయి. యుద్ధనౌకల మీద పోరాట వేళ చేతులు దించి, మెడ గుండీ దాకా మూసి, మొహానికీ చేతులకీ మంట తగలని తొడుగులు వేసుకోవడం ఇలాంటి గాయాలు తప్పించుకోవడానికే.

ఫైరింగ్, తాడు ఎక్కడం, అడ్డంకుల కోర్సు, ముళ్లపొదలు నరకడం, తుపాను తర్వాత చెట్ల కొమ్మలూ రేకులూ తియ్యడం, అన్నిట్లోనూ దించాలి. వరద నీళ్లలో దిగే పని అయితే సంగతి వేరు. తడిసిన పొడుగు చెయ్యి బరువై చేతికి అడ్డం పడుతుంది, అక్కడ మోచేతి దాకా మడిచే దిగుతారు.

జనవరి 26కి చేతులు పైకా, కిందికా?

వేసవి యూనిఫాంకి పైకి, చలికాలం యూనిఫాంకి కిందికి. ఏ రోజు నుంచి మారాలో పై నుంచి ఆర్డర్ వస్తుంది. మన వైపు చలి నామమాత్రం కాబట్టి పక్క జిల్లాలో ఏం చేస్తున్నారో చూసి ఊహించకండి. ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపుకి ఎంపికైనవాళ్లు మాత్రం జనవరి చలి చూసుకుని జెర్సీతో, చేతులు దించే తయారవ్వాలి. జెర్సీ కింద మడిచిన చెయ్యి ముద్దగా ఉబ్బుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా దాగదు.

మడత పైకి ఉంటే పచ్చబొట్టు, దారాలు కనిపిస్తాయి కదా?

చేతికి కట్టిన దారాలు పరేడ్‌కి ముందు తియ్యమంటే తియ్యాలి. వాచీ సంగతీ అంతే. పచ్చబొట్టు విషయంలో సైన్యంలో చేరదామనుకునేవాళ్లు ముందే జాగ్రత్తపడాలి. మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలి భాగం మీద, అరచేతి వెనక వైపు తప్ప శాశ్వత పచ్చబొట్లని భారత సైన్యపు ఎంపికలో సాధారణంగా ఒప్పుకోరు. కండ మీద పొడిపించుకుని మడత కింద దాచేద్దాం అనుకుంటే వైద్య పరీక్షలో చొక్కా ఉండదు.

సైన్యం కాంబాట్ లాంటి చొక్కాలు బజార్లో అమ్ముతున్నారు. కొని మడుచుకు తిరగొచ్చా?

వద్దు. సైనికుడని ఎదుటివాళ్లు అనుకోవాలన్న ఉద్దేశంతో సైనిక దుస్తులు గానీ, వాటిని పోలినవి గానీ వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల దాకా జైలు, 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఆరో సెక్షన్ కూడా అనుమతి లేని యూనిఫాం వాడకం గురించే. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన కొత్త కాంబాట్ డిజైన్ నిఫ్ట్‌తో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థతో) కలిసి చేసింది. దాన్ని అదే ఏడాది సైన్యం పేరు మీద రిజిస్టరు చేశారు, అందుకే ఆ నమూనా గుడ్డ నేసి అమ్మడానికి బయటివాళ్లకి హక్కు లేదు. స్కూలు వార్షికోత్సవంలో నాటకానికి కావాలంటే ఆకుపచ్చ సాదా చొక్కా చాలు, మడత సరిగ్గా వేస్తే దూరానికి అదే సిపాయి చొక్కాలా కనిపిస్తుంది.

రాత్రే మడిచి పెట్టుకుంటే పొద్దున్నకి నలుగుతుందా?

హ్యాంగర్‌కి వేస్తే నలగదు. ఇస్త్రీ అయ్యాక చేతులు మడిచి, మడత ఒక్కొక్కదాంట్లో పాత పుస్తకం అట్ట 3 అంగుళాల ముక్క చుట్టి దూర్చండి. చొక్కాని గోడకి తగలకుండా తగిలించండి, వానాకాలం గోడ చెమ్మ గంజికి అంటుతుంది. పొద్దున్న తొడిగేటప్పుడు అట్ట తీసి, పిడికిలి బిగించి చెయ్యి మెల్లగా దూర్చండి. వేళ్లు చాపి దూరిస్తే గోరు లోపలి మడతకి తగిలి అంచు విడిపోతుంది. బస్సులో వెళ్లేవాళ్లు పై రాడ్ పట్టుకోకుండా సీటు కమ్మీ పట్టుకోండి. దిగాక ఎవరి మడత వాళ్లు చూసుకోవద్దు, ఎదురెదురుగా నిలబడి ఒకరిది ఒకరు సర్దండి. వెనక అంచు వాలిందో లేదో సొంత కంటికి కనబడదు.